దీపాలు వెలిగాకే జనం వచ్చారు

చిన్న ఆర్ట్ గ్యాలరీకి డబ్బు కొరత వస్తే కత్తెర ముందు దేని మీద పడుతుందో అక్కడ పనిచేసే ఎవరినడిగినా ఠక్కున చెబుతారు. మొదట శనివారం పిల్లల డ్రాయింగ్ క్లాసు పోతుంది. తర్వాత నెలకోసారి వేసే సినిమా పోతుంది. గోడ మీది బొమ్మల జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు. గ్యాలరీ అంటే ప్రదర్శన, మిగతావన్నీ జనాన్ని రప్పించడానికి ఈమధ్య తగిలించుకున్న హంగులు అన్న లెక్క కమిటీల్లో స్థిరపడిపోయింది. క్లాసులు, సినిమాలు ఎక్కువైతే గ్యాలరీ కాస్తా కమ్యూనిటీ హాలు అయిపోతుందని బాధపడేవాళ్లూ ఉన్నారు. ఆ బాధలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అన్న దగ్గరే ఆ లెక్క తప్పింది.

పారిస్‌లో రాజుల భవనంగా ఉన్న లూవ్ర్ 1793 ఆగస్టు 10న మ్యూజియంగా తెరుచుకుంది. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం ఆ ఏడాదే ఏడు రోజుల వారాన్ని రద్దు చేసి పది రోజుల వారం తెచ్చింది. ఆ పదింటిలో మామూలు జనానికి దక్కినవి చివరి 3 రోజులే. మొదటి 5 రోజులు బొమ్మల ముందు ఈజిల్ (బొమ్మ వేసే స్టాండు) వేసుకుని నకలు తీసుకునే చిత్రకారులవి, మిగతా 2 రోజులు ఊడ్చి తుడవడానికి. అంటే ప్రజల కోసమని తెరిచిన ఆ పెద్ద గ్యాలరీలో చూసేవాళ్ల కంటే నేర్చుకునేవాళ్లకే ఎక్కువ రోజులు ఇచ్చారు.

లండన్‌లో కథ ఇంకోలా నడిచింది. అక్కడి రాయల్ అకాడమీ 1769లో మొదటి వార్షిక ప్రదర్శన పెట్టి, లోపలికి వచ్చేవాళ్ల దగ్గర డబ్బు వసూలు చేసింది. ఎందుకో దాచుకోలేదు కూడా. తగని మనుషులతో గది నిండిపోయి, ఎవరికోసం పెట్టామో వాళ్లకు చోటు లేకుండా పోతుందని, దాన్ని ఆపడానికి ఇంతకు మించిన ఉపాయం తోచలేదని కేటలాగ్‌లోనే అచ్చువేసుకుంది. టికెట్ పని అక్కడ ఖర్చు రాబట్టడం ఒక్కటే కాదు, మనుషుల్ని వడగట్టడం కూడా.

1824లో 38 బొమ్మలతో మొదలైన నేషనల్ గ్యాలరీ ఆ వడపోత పెట్టుకోలేదు. ప్రవేశం ఉచితం. 1838లో ట్రఫాల్గర్ స్క్వేర్‌కు మారాక తూర్పు లండన్ పేటల నుంచి కూలీలు నడిచి వచ్చేవాళ్లు, పడమటి నుంచి ధనవంతులు బండ్లలో వచ్చేవాళ్లు. వానొస్తే తలదాచుకోవడానికి వచ్చేవాళ్లకూ లోటు లేదు. 1850లో పార్లమెంటు కమిటీ ముందు గ్యాలరీ కీపర్ థామస్ ఊవిన్స్ ఒక సంగతి చెప్పాడు. పల్లెటూరి వాళ్లు కొందరు కుర్చీలు దగ్గరికి లాక్కుని, తెచ్చుకున్న బుట్ట విప్పి, మధ్య హాల్లో తిండి మొదలుపెట్టారట. ఇక్కడ అలా చేయకూడదని ఊవిన్స్ మర్యాదగా చెబితే, వాళ్లు అంతే మర్యాదగా ఆయనకూ ఒక గ్లాసు జిన్ అందించబోయారట. ఊవిన్స్ దీన్ని ఫిర్యాదుగానే చెప్పాడు. నాకు మాత్రం గ్యాలరీని తమ చోటు అనుకున్న తొలి ప్రేక్షకులు వాళ్లే అనిపిస్తుంది.

జనం ఊపిరి, దుమ్ము, ఊరి పొగ బొమ్మల్ని పాడుచేస్తున్నాయి కాబట్టి వాటిని ఊరి బయటికి తీసుకుపోదామా అన్న చర్చ చాలా ఏళ్లు నడిచింది. 1857లో ఆ విషయం తేల్చడానికి వేసిన కమిషన్ బొమ్మలు నగరం నడిబొడ్డునే ఉండాలంది. కమిషన్‌లో ఉన్న జస్టిస్ కోల్‌రిడ్జ్ వాదన ఏమిటంటే, బొమ్మలు ఉండటమే ఆ సేకరణకు గమ్యం కాదు, జనానికి మంచి ఆనందం ఇవ్వడానికి అవి సాధనం మాత్రమే.

నగరం మధ్యలో ఉంచినంత మాత్రాన సరిపోలేదు. పగలు పనికి పోయేవాడు పగలే మూసేసే గ్యాలరీకి ఎప్పుడు రావాలి? గ్యాలరీల చరిత్రలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా కనిపించే చిక్కు ఇదే. దీన్ని విప్పింది హెన్రీ కోల్ అనే అధికారి. 1857లో తెరిచిన సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలో (నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం) ఆయన గ్యాస్ దీపాలు పెట్టించి కొన్ని రోజులు రాత్రి పూట కూడా తెరిపించాడు. సాయంత్రం మ్యూజియం తెరిస్తే సారా దుకాణానికి విరుగుడు అవుతుందన్నది ఆయన నమ్మకం. తినడానికి, తాగడానికి లోపలే ఒక గది పెట్టించాడు. కుర్చీలు లాక్కుని బుట్ట విప్పే అవసరం అలా తీరింది.

గ్యాస్ అంటే మంట, వేడి, పొగ. పక్కనే తైలవర్ణ చిత్రాలు. రంగులు దెబ్బతింటాయని గగ్గోలు పుట్టింది. దాంతో ఒక శాస్త్రవేత్తల బృందాన్ని వేశారు. అందులో విద్యుత్తు మీద పరిశోధనలతో పేరుపొందిన మైకేల్ ఫారడే కూడా ఉన్నాడు. కాలిన గాలి బయటికి పోయే ఏర్పాటు సరిగ్గా ఉంటే బొమ్మలకు హాని లేదని 1859లో తేల్చారు. జనం రాత్రి పూట బొమ్మలు చూడటానికి ఫారడే అంతటివాడి సంతకం కావలసి వచ్చింది.

ఈ మ్యూజియంతో పాటే ప్రభుత్వ డిజైన్ స్కూలూ నడిచేది. 1837లో ఆ స్కూలు పెట్టడం వెనక కళాభిమానం కంటే వ్యాపార భయమే ఎక్కువ. బ్రిటిష్ మిల్లుల బట్ట గట్టిదే కానీ, దాని మీది డిజైన్లు ఫ్రెంచి వాటి ముందు తేలిపోతున్నాయని 1835, 36ల్లో పార్లమెంటు కమిటీ కంగారుపడింది. పనివాళ్లకు గీత నేర్పితే సరుకు అమ్ముడవుతుందన్నది లెక్క. నేటి గ్యాలరీ డ్రాయింగ్ క్లాసు వంశవృక్షంలో లూవ్ర్ ఈజిళ్లతో పాటు ఈ బట్టల వ్యాపారం కూడా ఉంది.

సాయంత్రం సరే, మరి ఆదివారం? కార్మికుడికి ఉన్నది ఆ ఒక్క సెలవే. ఆదివారం దేవుడి రోజని పట్టుబట్టిన వర్గాలు దశాబ్దాల పాటు అడ్డుపడటంతో బ్రిటన్ జాతీయ మ్యూజియాలకు ఆదివారం తెరవడానికి 1896 దాకా అనుమతి దొరకలేదు. అంతకు 15 ఏళ్ల ముందే ఆ కట్టుబాటు దాటినవాడు మాత్రం, విచిత్రంగా, ఒక పాస్టరే. పేదరికానికి పేరుమోసిన వైట్‌చాపెల్ పేటలో పనిచేసిన శామ్యూల్ బార్నెట్, ఆయన భార్య హెన్రియెట్టా కలిసి 1881లో చర్చి స్కూలు గదుల్లో బొమ్మల ప్రదర్శన పెట్టారు. బొమ్మలు అరువు తెచ్చినవి. జి.ఎఫ్. వాట్స్ లాంటి పేరున్న చిత్రకారులు ఆ ప్రదర్శనలకు తమవి ఇచ్చారు. ఆదివారం కూడా తలుపులు తీశారు. బొమ్మలో ఏముందో కథలా చెప్పే చిన్న కేటలాగులు అచ్చువేశారు, వచ్చినవాళ్లకు పక్కన నిలబడి వివరించే మనుషుల్ని పెట్టారు. ఏటా జరిగిన ఆ స్కూలు ప్రదర్శనే చివరికి శాశ్వత భవనం అడిగింది. 1901లో వైట్‌చాపెల్ గ్యాలరీ తెరుచుకుంది.

ఆ భవనం ముందు నిలబడితే ఒక సంగతి కనిపిస్తుంది. మెట్లు లేవు. పాత గ్యాలరీలకు గుడికి ఉన్నట్టు ఎత్తైన మెట్ల వరస, స్తంభాలు ఉండేవి. ఎక్కడానికి ముందే మనిషికి తన బట్టలు, చెప్పులు గుర్తొచ్చేవి. ఇక్కడ ఫుట్‌పాత్ మీద నడుస్తున్నవాడు అదే ఎత్తులో నేరుగా లోపలికి వచ్చేయొచ్చు. 1939 జనవరిలో పికాసో 'గెర్నికా' ఇదే గ్యాలరీ గోడ మీద వేలాడింది.

పిల్లల క్లాసుల సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ 1897లో పిల్లల ఆర్ట్ క్లాసు మొదలుపెట్టాడు. చూసి దించడం మాని, పిల్లల్ని తమకు తోచింది వేయనివ్వాలన్నది ఆయన పద్ధతి. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో విక్టర్ డమీకో 1937 నుంచి ఈ పనికే అంకితమయ్యాడు. 1942లో ఆయన పెట్టిన పిల్లల ఆర్ట్ కార్నివాల్‌లోకి తల్లిదండ్రులకు ప్రవేశం లేదు. "ఆకాశానికి నీలం వెయ్యి నాన్నా" అని వెనకనుంచి చెప్పే గొంతు లేకపోతే పిల్లలు ఏం వేస్తారో చూడాలనుకున్నాడేమో. 1944 నుంచి 1948 వరకు అదే మ్యూజియం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం మట్టిపని, చెక్కపని, చిత్రలేఖనం క్లాసులు నడిపింది. అది మూతపడ్డాక ఆ చోటు మామూలు జనం క్లాసులకు పనికొచ్చింది.

సినిమా వేరే దారిన వచ్చింది. ముందు అగ్గి భయం ఒకటుండేది. పాత 35 ఎం.ఎం. రీళ్లు నైట్రేట్‌తో చేసినవి, అంటుకుంటే ఆర్పడం కష్టం. బ్రిటన్‌లో 1909 చట్టం ప్రకారం ప్రొజెక్టర్‌కు విడిగా, మంటలు తట్టుకునే గది ఉండాలి. బొమ్మలున్న గదిలో అలాంటి యంత్రం పెట్టడానికి ఎవరు ఒప్పుకుంటారు? 1923లో కొడాక్ 16 ఎం.ఎం. ఫిల్మును తెచ్చింది. అది త్వరగా అంటుకోని రకం. ప్రొజెక్టర్‌ను కుర్చీల మధ్య బల్ల మీదే పెట్టుకోవచ్చు. గ్యాలరీ హాల్లో తెర కట్టడానికి అసలు అనుమతి అక్కడ దొరికింది.

ఏం వేయాలన్నది ఫిల్మ్ సొసైటీల నుంచి వచ్చింది. 1925లో లండన్ ఫిల్మ్ సొసైటీ ఆదివారం మధ్యాహ్నాలు సభ్యుల కోసం సినిమాలు వేయడం మొదలుపెట్టింది. మామూలు హాళ్లకు రానివి, సెన్సార్ ఆపినవి అక్కడ చూడొచ్చు. మొదటి షోలు పడిన న్యూ గ్యాలరీ అనే హాలు 1888లో నిజంగానే బొమ్మల గ్యాలరీగా మొదలై తర్వాత సినిమాహాలుగా మారింది. గ్యాలరీకి సినిమా రావడం కంటే ముందు గ్యాలరీయే సినిమా అయిపోయిందన్నమాట. ఆ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన ఐరిస్ బారీ న్యూయార్క్ వెళ్లి, 1935లో మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ పెట్టిన ఫిల్మ్ లైబ్రరీకి తొలి క్యూరేటర్ అయింది. అప్పటికి మూకీ సినిమాలు పాత సామాన్ల కింద లెక్క, స్టూడియోలు వాటిని దాచే శ్రద్ధ పెట్టేవి కావు. ఆమె వాటిని అడిగి తెచ్చి భద్రపరిచింది, ప్రోగ్రాంలుగా కట్టి డబ్బాల్లో పెట్టి కాలేజీలకు, ఇతర మ్యూజియాలకు అద్దెకు పంపింది. 1947లో న్యూయార్క్‌లో ఏమస్ వోగెల్ 'సినిమా 16' పెట్టాడు, ఒక దశలో దానికి 7,000 మంది దాకా సభ్యులు. మన దేశంలో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా తదితరులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టిందీ అదే ఏడాది.

సినిమా అయ్యాక కూర్చుని మాట్లాడుకునే అలవాటు కూడా అక్కడిదే. ఒకే ప్రొజెక్టర్ ఉన్నచోట రీలు మార్చడానికి లైట్లు వేయాలి. 400 అడుగుల 16 ఎం.ఎం. రీలు నడిచేది దాదాపు 11 నిమిషాలు, పెద్ద రీలైనా ముప్పావు గంటే. ఆ సందులో పక్కవాళ్లతో మాట కలుస్తుంది. చర్చ అనే పేరు తర్వాత వచ్చి ఉంటుందని నా అనుమానం.

గ్యాలరీ సినిమాను ఎందుకు భరించాలి అనేవాళ్లకు చెప్పదగిన చిన్న సంగతి ఒకటుంది. నీటిరంగుల బొమ్మలకు, కాగితం మీది గీతలకు వెలుతురు శత్రువు. అందుకే వాటి మీద 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించి పడకుండా చూస్తారు. పడిన వెలుతురంతా ఏళ్ల తరబడి లెక్కలో చేరుతూనే ఉంటుంది. లైట్లార్పి సినిమా వేసిన రెండు గంటలూ ఆ బొమ్మలకు విశ్రాంతే. క్లాసుల వల్ల చిక్కులు మాత్రం నిజమైనవే. బొమ్మలున్న గదిలో పెన్సిల్ తప్ప మరేదీ తేకూడదు. తడి రంగు వాడాలంటే వేరే గది కావాలి, ఆ గదిలో ముందుగా కావలసింది సింకు.

ప్రదర్శనల్నీ క్లాసుల్నీ ఒకే కప్పు కింద, ఊరూరా, కావాలని పెట్టిన ప్రయత్నం ఒకటి జరిగింది. మాంద్యం రోజుల్లో అమెరికా ప్రభుత్వం పనిలేని చిత్రకారులకు జీతాలిచ్చే పథకం తెచ్చింది. 1935 నుంచి 1943 దాకా దాని కింద 100కు పైగా కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్లు వెలిశాయి. టీచర్ల జీతం ప్రభుత్వానిది. భవనం, అద్దె లాంటి ఖర్చులకు ఊరివాళ్లూ చెయ్యి వేయాలి. క్లాసులు ఉచితం, గోడల మీద ప్రదర్శనలు మారుతుండేవి. న్యూయార్క్‌లో నల్లజాతివారి పేట హార్లెమ్‌లో 1937లో తెరిచిన సెంటర్‌కు శిల్పి అగస్టా శావేజ్ తొలి డైరెక్టర్. హార్లెమ్‌లో ఇలాంటి ఉచిత క్లాసుల్లోనే చెయ్యి తిప్పుకున్న జేకబ్ లారెన్స్, 23 ఏళ్ల వయసులో దక్షిణాది నుంచి నల్లజాతివారి వలస మీద 60 బొమ్మల వరస పూర్తిచేశాడు. ఇప్పుడు వాటిలో సరి సంఖ్యలవి ఒక మ్యూజియంలో, బేసి సంఖ్యలవి ఇంకో మ్యూజియంలో ఉన్నాయి.

యుద్ధం ముదిరాక 1943లో డబ్బు ఆగింది. చాలా సెంటర్లు మూతపడ్డాయి. షికాగోలోని సౌత్ సైడ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ మాత్రం నిలిచింది. దాని కోసం కొన్న పాత బంగళా వెనక జనం చందాలున్నాయి. 'మైలు పొడవు డైములు' (డైము అంటే పది సెంట్ల నాణెం) పేరుతో చిల్లర నాణేలు పోగుచేయడానికి, తర్వాతి కాలంలో పేరుపొందిన చిత్రకారిణి మార్గరెట్ బరోస్ వీధి మూల మీద డబ్బా పట్టుకుని నిలబడింది. 1941లో అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ వచ్చి ఆ సెంటర్‌ను ప్రారంభించింది. ఆ సెంటర్ ఇప్పటికీ ఉంది. చెక్క పలకల గోడల నిండా, ఇన్నేళ్లుగా బొమ్మ దించి బొమ్మ తగిలించిన మేకుల కన్నాలు.