ఆ బొటనవేలు విన్నట్టా, ఒప్పుకున్నట్టా?

సోమవారం పొద్దున తొమ్మిదిన్నర. కావలిలో మా మేడ మీద గదిలో నేను, బెంగళూరులో మేనేజరు, హైదరాబాదులో ఇద్దరు, చెన్నైలో ఒకరు. సిగ్నల్ అంతంతమాత్రం, అందుకని కెమెరాలన్నీ ఆఫ్. కింద వీధిలో "రొయ్యలో, చేపలో" అని కేక మొదలైంది, అందుకని నా మైకు కూడా ఆఫ్. మేనేజరు అరగంట మాట్లాడి చివర్లో "శుక్రవారానికి అయిపోవాలి" అన్నారు. వినపడింది అని తెలియడానికి బొటనవేలు బొమ్మ, అదే ఎమోజీ, నొక్కాను. శుక్రవారం సాయంత్రం ఫోన్. "నువ్వు ఓకే అన్నావు కదయ్యా?"

నేను అనలేదు. నొక్కాను, అంతే. కానీ ఆ తేడా ఆయనకు ఎలా తెలియాలి?

ఈ తగువు వయసు నలభై ఏళ్ల పైమాటే. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు కంప్యూటర్‌లో ఒక బోర్డు మీద మాట్లాడుకునేవాళ్లు. ఒకసారి లిఫ్టు, పాదరసం అంటూ ఎవరో వేసిన జోకు కొందరికి నిజం హెచ్చరికలా కనిపించి కంగారు పుట్టింది. దాంతో 1982 సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఉపాయం చెప్పాడు: జోకు అయితే పక్కన కోలన్, అడ్డగీత, మూసే బ్రాకెట్ పెట్టండి. తల వాల్చి చూస్తే నవ్వుముఖం. అంటే ఈ బొమ్మ మొదట పుట్టింది ముచ్చట కోసం కాదు. ముఖం కనపడని చోట మాట బెడిసికొట్టింది కాబట్టి పుట్టింది.

ఆ తర్వాతి కథ జపాన్‌ది. 1997లో అక్కడ ఒక ఫోన్‌లో 90 బొమ్మలు వచ్చాయి. 1999లో ఎన్‌టీటీ డొకొమో కంపెనీ కోసం షిగెతాకా కురిటా 176 బొమ్మలు గీశాడు. ఒక్కోటి అడ్డం పన్నెండు, నిలువు పన్నెండు చుక్కల్లోనే. ముగ్గు పెట్టేవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. పన్నెండు చుక్కలు, పన్నెండు వరుసలు, అందులోనే వాన, గుండె, రైలు అన్నీ ఇమడాలి. ఆ ముగ్గులు 2016లో న్యూయార్క్‌లోని మోడరన్ ఆర్ట్ మ్యూజియానికి చేరాయి. అన్నట్టు, ఎమోజీ అనే మాటకూ ఎమోషన్‌కూ చుట్టరికం లేదు. జపాన్ భాషలో 'ఎ' అంటే బొమ్మ, 'మొజి' అంటే అక్షరం.

2010లో యూనికోడ్, అంటే కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే ప్రమాణం, ఈ బొమ్మలకు కూడా నంబర్లు ఇచ్చింది. మన తంతి (టెలిగ్రామ్) ఆఫీసుల్లో శుభాకాంక్షలకు నంబర్లు ఉండేవి, గుర్తుందా? పెళ్లికి ఒకటి, పండక్కి ఒకటి. తీగ మీద పోయేది నంబరే, అవతలి ఊళ్లో అది వాక్యంగా మారి చేతికి అందేది. తంతి 2013 జూలైలో ఆగిపోయింది కానీ పద్ధతి ఆగలేదు. ఇప్పుడు కూడా వెళ్లేది నంబరే. బొమ్మను మాత్రం ఎవరి ఫోన్ కంపెనీ దాని తీరున గీసుకుంటుంది. నేను పంపిన చిరునవ్వు మీకు ఇకిలింపులా కనపడొచ్చన్నమాట.

ఆఫీసు పనిలోకి ఇవి గట్టిగా దిగింది స్లాక్ అనే ఆఫీసు చాట్ యాప్ దారిలో. 2015లో అక్కడ మెసేజ్ కిందే బొమ్మ అంటించే వీలు వచ్చింది. పదిమంది "సరే", "థాంక్స్" అని పది మెసేజ్‌లు పెట్టే గోల తగ్గింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక సాఫ్ట్‌వేర్ వాళ్లం మూటాముల్లె సర్దుకుని సొంతూళ్లకు చేరాం. మీటింగ్ అంతా జూమ్, టీమ్స్‌లోకి వెళ్లింది. చెయ్యెత్తే బొమ్మ, చప్పట్ల బొమ్మ రోజువారీ మాటలైపోయాయి. 2022 మేలో వాట్సాప్‌లోనూ మెసేజ్‌ల మీద ఆరు బొమ్మలు వచ్చాయి. ఆరింటిలో ఒకటి మనం దణ్ణం అనుకునేది. జపాన్‌లో దాన్ని 'ప్లీజ్' అనడానికీ 'థాంక్స్' అనడానికీ వాడతారు. పడమటి దేశాల్లో కొందరు ఇద్దరు అరచేతులు చరుచుకోవడం అనుకుంటారు. మనకేమో మీటింగ్ ముగిసిందన్నా అదే, గ్రూపులో చావు కబురు వచ్చినా అదే.

నా లెక్కలో అసలు సంగతి ఇంకొకటి. మా నాయనమ్మ కథ చెప్పేటప్పుడు ఊ కొట్టకపోతే ఆపేసేది. "నిద్రపోయావా ఏందిరా?" అనేది. ఊ కొడితే కథ సాగేది. ఆ 'ఊ'కి అర్థం వింటున్నాననే, రాక్షసుడిని చంపడం నాకు సమ్మతమేనని కాదు. ఫోన్‌లో కూడా మనం 'ఊ, ఆఁ, అవునవును' అంటూనే ఉంటాం. మ్యూట్ బటన్ ఆ 'ఊ'ని మింగేసింది. దాని ఖాళీలోకి బొటనవేలు వచ్చి కూర్చుంది. చిక్కేమిటంటే బొటనవేలికి ముందే వేరే ఉద్యోగం ఉంది. మన తాతల కాలంలో కాగితం మీద అది పడిందంటే సంతకమే, పొలం చేతులు మారిపోయేది.

కెనడాలో ఇది కోర్టుదాకా పోయింది. సస్కాచెవాన్‌లో ధాన్యం కొనే సంస్థ 2021లో ఒక రైతుకు అవిసెల ఒప్పందం ఫొటో పంపి, ఖాయం చేయమంది. ఆయన బొటనవేలు పెట్టాడు. సరుకు పంపలేదు. ఒప్పందం అందిందని చెప్పడానికే పెట్టానన్నాడు. వాళ్ల పాత లావాదేవీల్లో 'ఓకే', 'యప్' లాంటి పొట్టి జవాబులతోనే ఒప్పందాలు నడిచాయి కాబట్టి ఇదీ అంగీకారమేనని 2023లో జడ్జి తేల్చారు. 82 వేల కెనడా డాలర్లకు పైగా కట్టమన్నారు. 2024లో అప్పీల్‌లోనూ రైతు ఓడాడు. నా శుక్రవారం దీని ముందు ఎంత!

మా టీమ్‌లో తర్వాత ఒక మాట అనుకున్నాం. బొటనవేలు అంటే విన్నాం. చేస్తామంటే చాట్‌లో మాటల్లో రాయాలి, తేదీతో సహా. మీటింగ్‌లో తెర మీద ఎగిరే బొమ్మలు కొన్ని సెకన్లకే మాయమవుతాయి, స్క్రీన్ చూపిస్తూ మాట్లాడేవాళ్లకు ఒక్కోసారి కనపడవు కూడా. అందుకే మాట్లాడేవాళ్లు మధ్యలో ఆగి "ఎన్ని వచ్చాయి?" అని పైకి అడుగుతారు. లీవు అడిగినప్పుడు, తప్పు జరిగినప్పుడు నవ్వుతూ కన్నీళ్లు కార్చే బొమ్మ వద్దనుకున్నాం.

మొన్న సోమవారం మళ్లీ అదే మాట. "శుక్రవారానికి అవుతుందా?" నాలుగు బొటనవేళ్లు లేచాయి. మేనేజరు కాసేపు ఆగి, "మైకులు ఆన్ చేయండయ్యా" అన్నారు. నేను ఆన్ చేశాను. నాకంటే ముందు రొయ్యల కేకే వినపడింది.