స్లాత్‌కు తెలియని తీగ

అడవిలో చెట్టుకు అల్లుకునే లతనూ, వీధి స్తంభాల మీది కరెంటు వైరునూ మనం ఒకే మాటతో తీగ అంటాం. మధ్య అమెరికాలోని కోస్టారికాలో చెట్ల కొమ్మలకు వేలాడుతూ బతికే స్లాత్‌కు కూడా వాటి మధ్య తేడా తెలియదు, ఆ తెలియకపోవడమే దాని ప్రాణం మీదికి తెస్తోంది. (ఇంగ్లీషులో 'స్లాత్ బేర్' అని పిలిచే మన ఎలుగుబంటికి దీనితో చుట్టరికం ఏమీ లేదు, పొడవైన గోళ్లు చూసి పొరబడిన జార్జ్ షా అనే శాస్త్రజ్ఞుడు 1791లో ఎలుగును స్లాత్‌ల జాతిలో చేర్చగా, ఆ పేరు అలాగే నిలిచిపోయింది.)

స్లాత్ ప్రధాన ఆహారం ఆకులు. వాటి నుంచి వచ్చే శక్తి తక్కువ, అవి అరగడానికి పట్టే కాలం ఎక్కువ కనుక ఈ జంతువు ప్రతి కదలికనూ పొదుపుగా వాడుకుంటుంది. పై నుంచి గాలించే హార్పీ గద్దకు, ఒంటి మీద నాచు పెరిగి ఆకుల్లో కలిసిపోయిన ఈ కదలని ప్రాణి అంత తేలికగా కనిపించదు. అయితే గద్ద నుంచి కాపాడిన ఈ నిదానం కుక్కల ముందూ, రోడ్డు మీద దూసుకొచ్చే వాహనాల ముందూ ఎందుకూ కొరగాదు. మలవిసర్జనకు సుమారు వారానికొకసారి చెట్టు దిగే అలవాటు ఉన్న స్లాత్, ఇళ్ల కోసం, రోడ్ల కోసం చెట్లను నరికిన చోట మాటిమాటికీ నేల మీద పాకవలసి వస్తుంది, లేదా చేతికందిన వైరును పట్టుకుని దాటవలసి వస్తుంది. పైతొడుగు లేని ఆ వైరునో, ట్రాన్స్‌ఫార్మర్‌నో తాకితే కాలిన వేళ్లనూ, ఒక్కోసారి చేతినే తీసివేయవలసి వస్తుంది. తల్లి చనిపోయినా పొట్టను కరుచుకున్న పిల్ల బతికి ఉండడం కద్దు.

అలాంటి అనాథలతోనే సంరక్షణ కేంద్రాలు మొదలయ్యాయి. 1992లో కరీబియన్ తీరంలోని కహుయిటా దగ్గర ఒక కుటుంబం చేరదీసిన 'బటర్‌కప్' అనే పిల్ల, తరువాత స్లాత్ శాంక్చువరీగా ఎదిగిన కేంద్రానికి తొలి అతిథి. తల్లి బతికే ఉంటే, పిల్ల అరుపును రికార్డు చేసి అడవిలో వినిపించి తల్లిని రప్పించే ప్రయత్నం చేస్తారు. తల్లి లేకపోతే మేకపాలు పట్టి పెంచవచ్చు గాని, ఏ ఆకు తినాలో తల్లి దగ్గర నేర్చుకునే మూడు వేళ్ల స్లాత్ పిల్లను నిలబెట్టడం చాలా కష్టం. పెరిగిన పిల్లను ఒక్కసారిగా వదిలేయరు. అడవిలోనే పంజరం తలుపు తెరిచి ఉంచి, కొంతకాలం మేత పెడుతూ, అది తనంతట తాను దూరం జరిగే వరకు కనిపెట్టి ఉంటారు.

ఇంత ఓపిక గల వైద్యం కూడా గాయం తగిలాక చేసేదే. గాయం తగలకుండా చేసే పని వైర్లకు తొడుగు వేయగల విద్యుత్ సంస్థల చేతిలో ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. ఈలోగా కరీబియన్ తీరంలో స్లాత్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వారు తెగిపోయిన చెట్ల వరుసల మధ్య తాళ్లు కడుతున్నారు. కరెంటు లేని ఆ తీగల మీదుగా స్లాత్‌లతో పాటు మరికొన్ని చెట్టుజీవులు కూడా అవతలి కొమ్మకు చేరుతున్నాయి.