నూటికి రూపాయి వడ్డీ, ఊరికే వచ్చే ఎండ

"ఎండ ఫ్రీయే కదా అంకుల్, మరి సోలార్ కరెంటుకు డబ్బులెందుకు?" బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మమ్మగారి ఊరు పావగడ పక్కనే. సెలవులకు వెళ్లినప్పుడు కనుచూపు మేర పరుచుకున్న సోలార్ పలకలు చూసి వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు ఫిజిక్సు పుస్తకంలో దొరకదు, వడ్డీ లెక్కలో దొరుకుతుంది. సిలికాన్‌లో కాంతి కరెంటుగా ఎలా మారుతుందో చాలాచోట్ల రాసి ఉంది కాబట్టి దాని జోలికి పోను. నన్ను ఏళ్ల తరబడి పట్టుకు వదలనిది ఈ వడ్డీ లెక్కే.

బొగ్గు ప్లాంటులో ఒక యూనిట్ కరెంటు పుట్టాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు మండాలి. ఈరోజు మండే బొగ్గుకు ఈరోజు డబ్బు కడతారు, రేపటి బొగ్గుకు రేపు. సోలార్‌కు ఆ వెసులుబాటు లేదు. పలకలు, ఇన్వర్టర్లు, ఇనుప చట్రాలు, కేబుళ్లు, వచ్చే పాతికేళ్ల ఖర్చంతా దాదాపు మొదటి రోజే పెట్టేయాలి. అంత డబ్బు చేతిలో పెట్టుకుని ఎవరూ కూర్చోరు. మామూలుగా నూటికి 70, 75 పాళ్లు అప్పు తెస్తారు, మిగతాది వాటాదారుల పెట్టుబడి. ఆ వాటాదారులు బ్యాంకు కంటే ఎక్కువే ఆశిస్తారు. అంటే సోలార్ ప్లాంటులో రోజూ మండేది ఎండ కాదు, వడ్డీ. ఈ ప్లాంటుకు ఇంధనం అదే.

ఒక మెగావాట్ ప్లాంటు, అంటే పూర్తి సామర్థ్యంతో నడిస్తే గంటకు వెయ్యి యూనిట్లు ఇచ్చేది, తీసుకుని లెక్క వేద్దాం. గుండుగుత్తగా 4 కోట్ల ఖర్చు అనుకోండి. మన దక్షిణాది ఎండలో ఏడాది పొడుగునా సగటున నాలుగో వంతు సామర్థ్యంతో పనిచేస్తే 8,760 గంటలకు 21.9 లక్షల యూనిట్లు వస్తాయి. పలకలు కడగడం, కాపలా, మరమ్మతులు పక్కన పెడదాం, అవి చిన్నవి. లెక్క తేలిక కోసం 4 కోట్లూ అప్పే అనుకుందాం, 25 ఏళ్లలో సమాన వాయిదాల్లో తీర్చాలి. వడ్డీని మన ఊళ్లలో చెప్పుకునే పద్ధతిలోనే చెబుతాను. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం.

వడ్డీయే లేకపోతే ఏటా కట్టాల్సింది 16 లక్షలు, యూనిట్‌కు 73 పైసలు. నూటికి అర్ధరూపాయి వడ్డీ అయితే ఏటా 31.3 లక్షలు, యూనిట్ 1.43 రూపాయలు. నూటికి రూపాయి అయితే 51 లక్షలు, యూనిట్ 2.33. రూపాయిన్నర అయితే 3.34. రెండు రూపాయలయితే 4.40. పలక అదే, ఎండ అదే, పనివాళ్లు వాళ్లే. 73 పైసల కరెంటు 4.40 అయింది.

సూత్రం కావాలన్నవాళ్లకు: ఒకటితో మొదలుపెట్టి 1.12తో పాతికసార్లు హెచ్చిస్తే సుమారు 17 వస్తుంది. దాని విలోమం 0.0588. ఒకటిలోంచి దాన్ని తీసేస్తే 0.9412. వడ్డీ రేటు 0.12ను దీనితో భాగిస్తే 0.1275. అసలును దీనితో గుణిస్తే ఏడాది వాయిదా. రేటు మార్చి మీరే వేసి చూడండి. రూపాయి వడ్డీ దగ్గర యూనిట్ ధర 2.33లో అసలు వాటా 73 పైసలే, మిగతా 1.60 వడ్డీ. దాదాపు 70 శాతం. ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ చెబుతారు, సైన్సు పీరియడ్‌లో పునరుత్పాదక ఇంధనం చెబుతారు. ఈ రెండు పాఠాలూ ఒకదాన్నొకటి చూసుకోకుండానే పిల్లలు బడి దాటిపోతారు. నాకు అది నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. వడ్డీ ఎందుకు ఒకచోట అర్ధరూపాయి, మరోచోట రూపాయిన్నర? కొంత భాగం కాలానికి కట్టే ధర, అది అందరికీ ఉన్నదే. మిగతాది భయానికి కట్టే ధర. భూమి చిక్కుల్లో పడుతుందేమోనని, ప్లాంటు సిద్ధమయ్యాక లైను రాదేమోనని, కరెంటు కొని ఇళ్లకు పంచే సంస్థ, అదే డిస్కం, నెలల తరబడి బిల్లు చెల్లించదేమోనని, ప్రభుత్వం మారితే సంతకం చేసిన ధరను తిరగదోడతారేమోనని, రూపాయి పడిపోతుందేమోనని. అప్పిచ్చేవాడు ఒక్కో భయానికి అర శాతమో ఒక శాతమో పైన వేస్తాడు. ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం అంటే ప్రభుత్వం డబ్బులో వాటా పెట్టడం అనుకుంటారు చాలామంది. పెట్టవచ్చు. కానీ సోలార్‌లో ప్రభుత్వం చేయగలిగిన పెద్ద సాయం ఆ భయాలను ఒక్కొక్కటిగా తీసేయడం. ఈ పని ఎంత బాగా చేస్తే కరెంటు అంత చవక.

పావగడలో జరిగింది ఇదే. బెంగళూరులో చాలామందికి పావగడ అంటే శనీశ్వరుడి గుడి. శనివారాలు ఇక్కడి నుంచి, అనంతపురం వైపు నుంచి జనం బస్సులెక్కి వెళతారు. తుమకూరు జిల్లాలోదే అయినా చుట్టూ ఆంధ్ర పల్లెలే, ఊళ్లలో వినబడేది ఎక్కువగా తెలుగే. వేరుసెనగ వేసి వాన కోసం చూసే కరువు నేల. తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, క్యాతగానచర్లు, రాయచెర్లు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు వచ్చింది, 2019 చివరికి పూర్తయింది. కేంద్రానికి చెందిన సోలార్ ఎనర్జీ కార్పొరేషన్, కర్ణాటక ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడెల్ కలిసి 2015లో పెట్టిన సంస్థ దీన్ని నడుపుతోంది. రైతుల దగ్గర భూమి కొనలేదు, 28 ఏళ్లకు లీజుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై రెండేళ్లకోసారి 5 శాతం పెరుగుతుంది. రోడ్లు, సబ్‌స్టేషన్లు సంస్థే కట్టింది, కరెంటును బయటికి తీసుకుపోయే పెద్ద సబ్‌స్టేషన్ కేంద్ర ప్రభుత్వ సంస్థ పవర్‌గ్రిడ్ కట్టింది. స్థలాన్ని 50 మెగావాట్ల చొప్పున బ్లాకులు చేసి కంపెనీలకు వేలం వేశారు. వేలంలో గెలిచినవాడు రైతు గడపలు తిరగక్కర్లేదు, లైను కోసం ఎదురుచూడక్కర్లేదు. పలకలు తెచ్చి బిగించుకోవడమే.

ఒక చిన్న మాట. పలకలు మేఘాలను తరిమేస్తాయని, పార్కు వచ్చాకే వానలు పోయాయని ఒక నమ్మకం వినిపిస్తుంటుంది. ఈ ప్రాంతం పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉంది. ఒక్క పలకా లేని రోజుల్లో, తాతల కాలంలోనే ఇది కరువు సీమ. ఇందులో నిజమున్న ముక్క ఒకటుంది. పలకలు నేలకంటే నల్లగా ఉంటాయి, పడిన వెలుగులో ఐదో వంతు మాత్రమే కరెంటవుతుంది, మిగతాది చాలావరకు వేడిగా మారుతుంది. కాబట్టి పార్కు పక్క ఇళ్లవాళ్లు ఉక్కగా ఉందంటే కొట్టిపారేయకుండా అక్కడ థర్మామీటర్లు పెట్టి కొలవాలి. మూఢనమ్మకం అని ఒక్క మాటలో తోసేస్తే ఆ కొలత ఎప్పటికీ జరగదు.

భయాన్ని తగ్గించడంలో పావగడ కంటే చక్కని పాఠం మధ్యప్రదేశ్‌లోని రీవా. 2017 ఫిబ్రవరిలో 750 మెగావాట్లకు వేలం జరిగితే మొదటి ఏడాది ధర యూనిట్‌కు 2.97 రూపాయలు పలికింది. అంతకు ఏడాది ముందు రాజస్థాన్‌లో పలికిన 4.34నే రికార్డుగా చెప్పుకున్నారు. పలకల ధర ఆ ఏడాదిలో బాగా పడిన మాట నిజం. మిగతాది ఒప్పందం రాసిన తీరు. బిల్లు ఆలస్యమైతే ఆదుకోవడానికి ఒక నిధి, ఆ పైన రాష్ట్ర ప్రభుత్వ హామీ, గ్రిడ్ తీసుకోలేక ప్లాంటు ఆగితే ఆ నష్టానికి పరిహారం. కరెంటులో కొంత ఢిల్లీ మెట్రో కొంటుంది. అదే ఏడాది మేలో రాజస్థాన్ భడ్లాలో ధర 2.44కు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్‌లో 1.99. పైన వేసిన లెక్కలో ఆ అంకె ఎక్కడ పడుతుందో చూడండి, పదిశాతం వడ్డీ దగ్గర.

భయం పెరిగితే ఏమవుతుందో తెలుగువాళ్లకు దగ్గర్లోనే ఉదాహరణ ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంతకుముందు కుదిరిన పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు తగ్గించాలని సమీక్షకు దిగింది. ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పింది. పాత ధరలు ఎక్కువా కాదా అన్నది వేరే చర్చ, అది జరగాల్సిందే. కానీ ఒకసారి సంతకాన్ని తిరగదోడితే ఆ రాష్ట్రంలో ఆ తర్వాత కట్టే ప్రతి ప్లాంటుకూ వడ్డీ మీద కొంత పడుతుందని నా అభిప్రాయం. అది ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనబడదు, నెల బిల్లులో మాత్రం ఉంటుంది.

సరిహద్దు దాటితే ఇదే లెక్క ఇంకా ఘాటుగా కనిపిస్తుంది. పాకిస్తాన్‌లో 2023 జూన్ నుంచి ఏడాదిపాటు కేంద్ర బ్యాంకు రేటే 22 శాతం. ఆ రేటుకు మన ఒక మెగావాట్ ప్లాంటు కరెంటు యూనిట్ 4 రూపాయలు దాటుతుంది, బ్యాంకులు దానిపైన వేసేది వేరు. 2017లో డాలరుకు 105 ఉన్న వాళ్ల రూపాయి 2023కి 280 దాటింది. పెద్ద ప్లాంట్లు కట్టడానికి అది కాలం కాదు. అయినా 2024లో ఆ దేశం చైనా నుంచి దాదాపు 17 గిగావాట్ల, అంటే 17,000 మెగావాట్ల పలకలు దిగుమతి చేసుకుంది! చాలా భాగం ఇళ్ల కప్పుల మీదికి, పొలాల్లో బోర్లకు, ఫ్యాక్టరీలకు వెళ్లింది. వాళ్లలో ఎంతోమంది సొంత డబ్బుతో కొన్నారు. అప్పు లేదు కాబట్టి బ్యాంకువాడి భయం ధర లేదు. మరి పాత ప్లాంట్లతో దశాబ్దాల కిందట కుదిరిన ఒప్పందాలు? వాటిలో కరెంటు కొన్నా కొనకపోయినా కట్టాల్సిన సొమ్ము ఉంటుంది, కొంత డాలరుతో ముడిపడి ఉంటుంది. పలకలు కొనుక్కోగలవాళ్లు గ్రిడ్‌కు దూరమైన కొద్దీ ఆ భారం కొనుక్కోలేనివాళ్ల బిల్లులో చేరుతుంది. అప్పట్లో కంపెనీల భయం తీయడానికి దాన్ని జనం నెత్తిన పెట్టారు. భయం మాయం కాదు, చేతులు మారుతుంది.

నేపాల్ వేరే దారి పట్టింది. 456 మెగావాట్ల అప్పర్ తామాకోశి జలవిద్యుత్ కేంద్రానికి విదేశీ అప్పు తేలేదు. ఉద్యోగుల భవిష్య నిధి, నేపాల్ టెలికాం లాంటి దేశీయ సంస్థలు డబ్బిచ్చాయి, దోలఖా జిల్లావాసులకు పది శాతం వాటాలు కేటాయించారు. డాలరు భయం అలా పోయింది. నీటి ప్రాజెక్టుకు ఇంకో శత్రువు ఉంటుంది, కట్టే కాలం. ఒక్క యూనిట్ రాకముందే వడ్డీ పెరుగుతూ ఉంటుంది. 2015 భూకంపం, ఆపై సరిహద్దు దిగ్బంధం పనిని వెనక్కి నెట్టాయి, 2021లో ప్రారంభమయ్యేసరికి దాదాపు 3,500 కోట్ల నేపాలీ రూపాయల అంచనా వడ్డీతో కలిపి రెట్టింపు దాటింది. బంగ్లాదేశ్‌లో ఇడ్‌కాల్ అనే ప్రభుత్వ సంస్థ 2003 నుంచి ప్రపంచ బ్యాంకు లాంటి చోట్ల చవక అప్పు తెచ్చి స్వచ్ఛంద సంస్థల ద్వారా కరెంటు లేని ఇళ్లకు వాయిదాల మీద పలకా, బ్యాటరీ ఇప్పించింది. అలా 40 లక్షలకు పైగా ఇళ్లలో దీపం వెలిగింది.

మళ్లీ పావగడ లెక్కకు వస్తాను, చెప్పాల్సిన ముఖ్యమైన అంకె మిగిలిపోయింది. పది శాతం వడ్డీని పదకొండు చేస్తే మన ఒక మెగావాట్ ప్లాంటు ఏటా 3.43 లక్షలు ఎక్కువ కట్టాలి. యూనిట్‌కు 16 పైసల లోపే, ఎవరికీ ఆనదు. 2,050 మెగావాట్లకు లెక్కగడితే ఏటా 70 కోట్లు. ఇప్పుడు కౌలు చూడండి. 13,000 ఎకరాలు, ఎకరాకు 21,000 అంటే ఏడాదికి 27.3 కోట్లు, యూనిట్‌కు 6 పైసలు. అంటే ఒక్క శాతం భయం ఖరీదు, ఐదు ఊళ్ల రైతులందరికీ ముట్టే మొదటి ఏడాది కౌలుకు రెండున్నర రెట్లు.

ఈ కౌలు భూమి ఉన్నవాడికే వస్తుంది. ఆ పొలాల్లో కలుపు తీసి, కాయ పీకి బతికిన భూమిలేని కూలీలకు పని పోయింది, కౌలు రాలేదు. పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా లాంటి పనులు కొందరికే దొరికాయి. గొర్రెలు, మేకలు మేపుకునేవాళ్లకు బీడు కంచె లోపలికి పోయింది. పార్కు వల్ల రైతుకు వాన కొట్టినా కొట్టకపోయినా చేతిలో డబ్బు పడుతోంది, అది చిన్న విషయం కాదు. కానీ భయాలను అంత శ్రద్ధగా పంచిన ఒప్పందం, ఆదాయాన్ని పంచేటప్పుడు పట్టా ఉన్నవాళ్ల దగ్గరే ఆగిపోయింది. కౌలు మొత్తానికి సమానమైన సొమ్మును భూమిలేని కుటుంబాల కోసం పక్కన పెట్టినా యూనిట్ మీద పడేది ఇంకో 6 పైసలు. వడ్డీలో అర శాతం తగ్గితే 8 పైసలు దిగుతుంది. చెల్లింపు హామీ గట్టిగా రాసి ఆ అర శాతం దించి, అందులోంచి ఈ 6 పైసలు ఆ కుటుంబాలకు ఇచ్చినా బిల్లు కట్టేవాడికి ఇంకా 2 పైసలు మిగులుతాయి. కొత్త పార్కులకు లీజు పత్రాలు రాసేవాళ్లు ముందుగా వేయాల్సిన లెక్క ఇది.