వానపాముల్ని కొనొద్దు, తిండి పెట్టండి

కాశీనగర్,
గజపతి జిల్లా, ఒడిశా.

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. పట్నంలో వానపాముల్ని కిలోల లెక్కన అమ్ముతున్నారని, వాటిని తెచ్చి మన వరి మడిలో వదిలితే యూరియా ఖర్చు తప్పుతుందా అని అడిగారు. తప్పదు. కొని తెచ్చినవి మన మడిలో బతకవు. ఎందుకు బతకవో తెలియాలంటే ముందు వాటి తిండీ, తిరుగుడూ తెలియాలి. అందుకే ఉత్తరం కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

వానపాముల్లో వేల రకాలున్నాయి గానీ, రైతుబిడ్డలు మూడు బాపతులు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి నేల పైపైనే, పెంటపోగుల్లో, కుళ్లిన ఆకుల్లో ఉంటుంది. చిన్నది, ఎర్రగా ఉంటుంది, మట్టి పెద్దగా తినదు. రెండోది మట్టిలోనే అడ్డంగా దారులు చేసుకుంటూ మట్టినే మింగుతూ తిరుగుతుంది. ఎండ మొహం చూడదు కాబట్టి ఒళ్లు పాలిపోయి ఉంటుంది. మూడోది నిలువునా లోతుగా బొరియ తవ్వుకుని, రాత్రి పైకొచ్చి ఆకునో గడ్డిపోచనో లోపలికి లాక్కుపోతుంది. బజారులో అమ్మేది మొదటి బాపతు. ఎరువు తొట్టిలో పేడా చెత్తా తినడంలో దానికదే సాటి. చెత్తా నీడా లేని దుక్కి నేలలో వదిలితే మాత్రం ఆకలికీ ఎండకీ చస్తుంది. పొలం పని చేసేవి మిగతా రెండూ. అవి మన నేలలోనే ఉన్నాయి. ఎవరూ తేనక్కర్లేదు.

వాటి పని చూడాలంటే వాన పడిన మర్నాడు పొద్దున్నే గట్టు మీదకి వెళ్లండి. గడ్డి మొదళ్ల దగ్గర ఆవగింజంత, పెసరగింజంత మట్టి ఉండలు ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉంటాయి. అది వానపాము మలం. అసహ్యపడకండి, వాసన రాదు. బాగా ఎండిన ఉండ ఒకటి, మామూలు మట్టిపెళ్ల ఒకటి తీసుకుని రెండు గిన్నెల నీళ్లలో వేసి చూడండి. మట్టిపెళ్ల విడిపోయి బురదైనా, ఉండ మాత్రం చాలాసేపు ఉండలాగే ఉంటుంది. నేలంతా అలాంటి ఉండలతో నిండితే వాన దెబ్బకి పైమట్టి కొట్టుకుపోదు.

ఆ ఉండ ఎలా తయారవుతుందంటే, వానపాముకి పళ్లు లేవు, కోడికి ఉన్నట్టే కందనకాయ ఉంది. మింగిన కుళ్లు ఆకూ, మట్టీ అందులో ఇసక రేణువులతో కలిసి నలుగుతాయి. తర్వాత పేగులో సూక్ష్మజీవులు వాటి పని పడతాయి. బయటికొచ్చేసరికి ఆ మట్టిలో నత్రజని, భాస్వరం చుట్టుపక్కల మట్టిలో కన్నా మొక్కకి తేలిగ్గా అందే రూపంలో ఉంటాయి.

ఇక్కడే చాలామంది పెద్దవాళ్లు కూడా పొరబడుతున్నారు. వానపాము నత్రజనిని పుట్టించదు. గడ్డిలో, పేడలో బిగిసిపోయి ఉన్నదాన్ని విప్పి వేళ్లకి అందిస్తుంది, అంతే. మనం నేలకేమీ ఇవ్వకపోతే విప్పడానికేమీ ఉండదు. వేర్వేరు దేశాల్లో చేసిన ప్రయోగాలన్నీ కలిపి శాస్త్రవేత్తలు 2014లో ఒక లెక్క తేల్చారు. వానపాములున్న చోట పంట దిగుబడి సగటున 25 శాతం ఎక్కువొచ్చింది. గడ్డీ గాదం నేలకి తిరిగిచ్చిన చోట ఆ లాభం ఇంకా పెరిగింది. నత్రజని అప్పటికే దండిగా ఉన్న నేలలో ఆ లాభం కనిపించలేదు. యూరియా అంటే నత్రజని ఎరువే. అంచేత దాన్ని బస్తా మీద బస్తా గుమ్మరించి, పైన వానపాములు కొనుక్కోవడం డబ్బు దండగ.

ఇక నీళ్ల సంగతి. మన గరువు నేలలు, అంటే మెట్ట నేలలు, ఎర్రవి, ఎండితే పైన పెచ్చు కడతాయి. మహేంద్రగిరి కొండ వైపు నుంచి కుండపోత వచ్చిందంటే నీళ్లు ఇంకకుండా మట్టిని మోసుకుని గెడ్డలోకి, అంటే వాగులోకి, పోతాయి. వానపాము బొరియలుంటే వాటి గుండా నీరూ గాలీ లోపలికి దిగుతాయి. మొక్క వేళ్లు కూడా గట్టి మట్టితో కుస్తీ పట్టకుండా ఆ దారుల్లోనే పోతాయి.

చార్లెస్ డార్విన్ పేరు మీ సైన్సు పుస్తకంలో ఉంటుంది. ఆయన 1842 డిసెంబరులో ఇంగ్లండులో తన ఇంటి దగ్గరి పచ్చికనేల మీద సుద్దముక్కలు పరిపించి, 29 ఏళ్లు ఆగాడు. 1871 నవంబరులో కందకం తవ్వితే ఆ సుద్ద 7 అంగుళాల కింద తెల్లటి చారలా కనిపించింది. ఎవరూ పూడ్చలేదు. వానపాములు కింది మట్టిని పైకి తెచ్చి పోస్తూ ఉంటే అది అడుగున పడిపోయింది. అంత ఓపికున్న మనిషంటే నాకు చెప్పలేనంత గౌరవం. వానపాములకి చెవులున్నాయేమోనని వాటి దగ్గర పియానో కూడా వాయించి చూశాడు. ఉలుకూ పలుకూ లేదు. అవే కుండీలు పియానో మీద పెట్టి వాయిస్తే మాత్రం ఆ అదురుకి బొరియల్లోకి దూరిపోయాయి.

ఇప్పుడు మన వరి సంగతికి వస్తాను. వానపాముకి ఊపిరితిత్తులు లేవు, తడిగా ఉన్న చర్మంతోనే గాలి పీలుస్తుంది. ఒళ్లు ఎండితే ప్రాణం పోతుంది. దమ్ము చేసి ఉభాలు పట్టాక, అంటే నాట్లు వేశాక, మడిలో నీళ్లు నిలుస్తాయి, మట్టిలో గాలి ఉండదు. అప్పుడు వాటికి దిక్కు గట్లే. గట్టు గడ్డిని మందు కొట్టి మాడ్చేస్తే ఆ నీడా, తిండీ పోతాయి. కొడవలితో కోసి పశువులకి వేయమని ఇంట్లో చెప్పండి. ఎండాకాలంలో వానపాములు లోతుకి దిగి, చుట్టచుట్టుకుని పడుకుంటాయి. కోతలయ్యాక గడ్డికి నిప్పు పెట్టడం, వరి కాండం తొలిచే పురుగుకని కార్బోఫ్యూరాన్ గుళికలు చల్లడం, ఈ రెండూ చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మొదటిది వాటి కూడు కాల్చేస్తుంది, రెండోది వాటిని తిన్నగా చంపేస్తుంది. గత్తం (పశువుల ఎరువు) తోలడం, పచ్చిరొట్టకి జీలుగ చల్లి కలియదున్నడం, కోతల తర్వాత ఆ పదనులోనే మినుములో పెసలో వేసుకోవడం వాటికి నచ్చే పనులు. గరువులో ఒక దుక్కి తగ్గించినా లోతు బొరియలవి బతికిపోతాయి.

వానపాముని రెండు ముక్కలు చేస్తే రెండు పాములవుతాయని బళ్లో ఎవరో చెప్పారన్నారు కదా, అది అబద్ధం. తల వైపు ముక్క చాలినంత ఉంటే తోక మళ్లీ రావచ్చు, తోక ముక్క మాత్రం మామూలుగా చచ్చిపోతుంది. ఆ ఆట ఆడకండి.

మీకో పని చెబుతాను. వాన పడిన రెండు మూడు రోజులకి పొద్దున్నే ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పున పారతో గీత గీసి, అడుగు లోతు తవ్వండి. ఆ మట్టి గోనెపట్టా మీద పోసి చేత్తో నలుపుతూ వానపాముల్ని లెక్కపెట్టండి. లోతువి తేలిగ్గా దొరకవు. లీటరు నీళ్లలో రెండు చెంచాల ఆవపిండి కలిపి గుంటలో మెల్లగా పోస్తే ఆ ఘాటుకి పైకి వస్తాయి. వచ్చిన వెంటనే మంచి నీళ్లతో కడగండి, లేకపోతే వాటి ఒళ్లు మండుతుంది. లెక్కయ్యాక నీడన తడి మట్టిలో వదిలి, పైన గడ్డి కప్పండి. గుంటకి పది దాకా వస్తే సాగు నేలకి బాగున్నట్టే.

గట్టు దగ్గర ఒక గుంట, మామిడిచెట్టు నీడలో ఒకటి, గడ్డి కాల్చిన చోట ఒకటి తవ్వండి. ఏ గుంటలో ఎన్ని వచ్చాయో, ఎర్రవెన్నో, పాలిపోయినవెన్నో విడివిడిగా రాసి పంపండి. తెలుగులో రాయడం కష్టంగా ఉంటే ఒడియాలో రాయండి, నేను చదువుకుంటాను.

మీ
తాతయ్య