నిక్స్ బెంచీ, థిబడో లెక్కించిన నిమిషాలు

2025 జూన్ 3న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే న్యూయార్క్ నిక్స్ యాజమాన్యం కోచ్ టామ్ థిబడోను తొలగించింది. దానికి మూడు రోజుల ముందే ఆ జట్టు, 2000 తరవాత తొలిసారిగా చేరుకున్న ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో (లీగ్ తుదిపోరుకు ముందు మెట్టు), ఇండియానా పేసర్స్ చేతిలో 4-2 తేడాతో ఓడింది. పాతికేళ్లలో ఎవరూ తీసుకువెళ్లలేని చోటికి జట్టును తీసుకువెళ్లిన మనిషిని పంపించివేయడం ఏమి న్యాయమని అభిమానులు చాలామంది బాధపడ్డారు, నేనూ బాధపడ్డాను. కానీ ఈ నిర్ణయానికి మూలాలు ఆ ఒక్క సిరీస్‌లో లేవు. మొదటి ఐదుగురినే అతిగా ఆడించి అలసిపోయేలా చేస్తాడన్న మాట థిబడో మీద ఎప్పటినుంచో ఉంది.

ముందుగా మొదటి మ్యాచ్ సంగతి. మన గడియారాల ప్రకారం మే 22 తెల్లవారుజామున మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మొదలైన ఆ ఆటలో, చివరి మూడు నిమిషాల్లోకి అడుగుపెట్టేసరికి నిక్స్ 14 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. అక్కడినుంచి పేసర్స్ ఆటగాడు ఆరన్ నెస్మిత్ వరసగా త్రీలు (దూరపు గీత అవతలినుంచి వేసే మూడు పాయింట్ల బంతులు) వేస్తూ పోయాడు. ఒక్క నాలుగో క్వార్టర్‌లోనే ఆరు వేశాడు. ఆఖరి క్షణంలో అదే జట్టు టైరీస్ హాలిబర్టన్ వేసిన బంతి రిమ్ వెనక అంచుకు తగిలి, బోర్డుకన్నా పైకి లేచి, తిన్నగా వలలోకి దిగింది. అతని పాదం గీతను తాకి ఉండటంతో అది మూడు కాక రెండే అయింది, 125-125తో ఆట ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. బ్రన్సన్ 43, టౌన్స్ 35 పాయింట్లు చేసినా నిక్స్ 138-135తో ఓడింది. ఆ చివరి నిమిషాల్లో పేసర్స్ ఇంకా పరుగెత్తుతూనే ఉన్నారు, మనవాళ్ల కాళ్లు మాత్రం ఆగిపోయాయనిపించింది నాకు.

ఆ అలసటకు చరిత్ర ఉంది. 48 నిమిషాల ఆటలో సగటున 37.6 నిమిషాలు ఆడి, ఆ సీజన్‌లో లీగ్ మొత్తానికి నిక్స్ ఆటగాడు జోష్ హార్ట్ మొదటి స్థానంలో నిలిచాడు. అంతకు ముందు ఏడాది ప్లేఆఫ్స్‌లోనైతే (సీజన్ తరవాత జరిగే నాకౌట్ దశలో) అతడు కొన్ని మ్యాచ్‌ల్లో 48 నిమిషాలూ కోర్టు మీదే ఉన్నాడు. బెంచీలో, అంటే మొదట కోర్టులోకి దిగని మిగతావాళ్లలో, ఆడగలిగినవాళ్లు ఉన్నారని, మొదటి ఐదుగురి భారం తగ్గించవచ్చని అతని సహచరుడు మికాల్ బ్రిడ్జెస్ 2025 మార్చిలో బహిరంగంగానే అన్నాడు.

థిబడో మీద ఈ మాట షికాగోలోనే మొదలైంది. 2010లో బుల్స్‌కు హెడ్ కోచ్‌గా వచ్చి, తొలి సీజన్‌లోనే 62 విజయాలు సాధించి ఉత్తమ కోచ్ అవార్డు అందుకున్నాడు. ఆ తరవాతి రెండు సీజన్లలోనూ సగటు నిమిషాల్లో లీగ్‌కు మొదటివాడు అతని శిష్యుడు లువోల్ డెంగ్. 2012 ఏప్రిల్ 28న ఫిలడెల్ఫియాతో ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లో, 12 పాయింట్ల ఆధిక్యం ఉండి ఆట ముగియడానికి నిమిషం పైచిలుకు మాత్రమే మిగిలి ఉండగా, బుల్స్ తార డెరిక్ రోజ్ మోకాలి లిగమెంట్ తెగింది. ఆ గాయానికి నిమిషాలే కారణమని ఎవరూ నిరూపించలేరు. రోజ్ ఆ సీజన్ అంతా గాయాలతోనే నెట్టుకొచ్చాడు. అయినా ఆట గెలిచినట్టే ఉన్నప్పుడు అతడు కోర్టు మీద ఎందుకున్నాడన్న ప్రశ్న థిబడోను ఆనాటినుంచీ వదలలేదు.

న్యూయార్క్ అతన్ని అంతగా ప్రేమించడానికి కారణమూ పాతదే. 1990లలో పాట్ రైలీ, ఆ తరవాత జెఫ్ వాన్ గండీ ఇక్కడ నాటినది గట్టి డిఫెన్స్‌తో, ఒళ్లు దాచుకోకుండా ఆడే పద్ధతి. 1999లో ఎనిమిదో స్థానంతో ప్లేఆఫ్స్‌లోకి వచ్చి ఏకంగా ఫైనల్స్ చేరిన జట్టుకు వాన్ గండీ పక్కన సహాయకుడిగా కూర్చున్నది థిబడోనే. 2020లో హెడ్ కోచ్‌గా తిరిగివచ్చి, అయిదేళ్లలో 226 విజయాలు సాధించాడు. నిక్స్ చరిత్రలో ఇది నాలుగో పెద్ద సంఖ్య.

తప్పంతా అతనిదేనని మాత్రం నేను ఒప్పుకోను. బెంచీని పలచన చేసింది జట్టు కూర్పే. ఆటగాళ్ల మార్పిడిలో అనునోబీ కోసం క్విక్లీనీ, బారెట్‌నీ వదులుకున్నారు. హార్టెన్‌స్టైన్ ఓక్లహోమా జట్టుకు వెళ్లిపోయాడు. టౌన్స్ కోసం రాండిల్‌నూ, డివిన్‌చెంజోనూ ఇచ్చేశారు. బ్రిడ్జెస్ ఒక్కడి కోసం ఐదు తొలి రౌండ్ డ్రాఫ్ట్ హక్కులు (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కులు) ధారపోశారు. మిగిలినవాళ్లలో కోచ్ ఎవరిని నమ్మాలి? నమ్మదగినవాళ్లు కొందరు ఉన్నారని పేసర్స్‌తో మూడో మ్యాచ్ చూపింది. రెండు ఓటముల తరవాత థిబడో హార్ట్ స్థానంలో మిచెల్ రాబిన్సన్‌తో ఆట మొదలుపెట్టాడు, సీజనంతా పెద్దగా వాడని డెలాన్ రైట్, లాండ్రీ షామెట్‌లకు అవకాశమిచ్చాడు. 20 పాయింట్లు వెనకబడిన జట్టు 106-100తో గెలిచింది. డిసెంబరులో చేయవలసిన ప్రయత్నం మే నెలాఖరులో జరగడమే నా అసలు బాధ.

జులైలో కోచ్ బాధ్యత మైక్ బ్రౌన్‌కు అప్పగించారు. 16 ఏళ్లు ప్లేఆఫ్స్ మొహం చూడని శాక్రమెంటో జట్టును 2023లో అక్కడికి చేర్చి, ఉత్తమ కోచ్ అవార్డు రెండోసారి అందుకున్నవాడాయన. ఆయన చేతికి అందినది అదే మొదటి ఐదుగురున్న జట్టు. బెంచీకి మాత్రం ఆ వేసవిలో జోర్డన్ క్లార్క్‌సన్, గెర్షన్ యాబుసెలే కొత్తగా వచ్చారు.