కొండ దగ్గర కొండెక్కే నిప్పు

పోయిన వర్షాకాలం సింహాచలం ఘాట్‌రోడ్డు మీద రెండు మలుపులు తిరిగామో లేదో, మా బండి టప్ టప్‌మని దగ్గడం మొదలుపెట్టింది. వెనక అమ్మ, ఆవిడ ఒళ్లో అప్పన్నకి కొట్టాల్సిన కొబ్బరికాయలు. యాక్సిలరేటర్ తిప్పినకొద్దీ కుదుపు పెరుగుతోంది తప్ప లాగుడు లేదు. చేసేది లేక వెనక్కి తిప్పి అడవివరం దించాను. కిందికి రాగానే బండి ఏమీ ఎరగనట్టు పరిగెత్తింది. మర్నాడు బీచ్‌రోడ్డులో భీమిలి దాకా వెళ్లొచ్చినా ఒక్క మిస్సింగ్ లేదు. కార్బ్యురేటర్ శుభ్రం చేయించాను, పెట్రోల్ ఫిల్టర్ మార్పించాను. కొండ దగ్గరికొచ్చేసరికి మళ్లీ అదే కథ.

చివరికి కంచరపాలెంలో చిన్న షెడ్డు నడిపే ఒక మెకానిక్, "సీకటి పడ్డాక తీసుకురండి మాస్టారూ, సూద్దాం" అన్నాడు. ఆ రాత్రి షెడ్డులో లైటు ఆర్పేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, పెట్రోల్‌ని అంటించే స్పార్క్ ప్లగ్గుకి వెళ్లే వైరు మీద సన్నగా నీళ్లు చల్లాడు. యాక్సిలరేటర్ ఒక్కసారి రైజ్ చేసేసరికి, వైరు ఛాసిస్‌కి, అంటే బండి చట్రానికి, రాసుకుంటున్న చోట నీలంగా, దారప్పోగంత మెరుపు చిటచిటమంటూ దూకింది. "దొంగ దొరికీసేడు" అన్నాడు.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆ నీలం పోగు చూశాక, బండి కొండ మీదే ఎందుకు మొరాయించిందో మొత్తం అర్థమైంది.

బండి బ్యాటరీలో ఉండేది 12 వోల్టులు. దాన్ని పెంచే కాయిల్‌లో రెండు తీగ చుట్టలుంటాయి, ఒకటి తక్కువ చుట్లది, ఇంకొకటి వేల చుట్లది. మొదటి చుట్టలో కరెంటు ఠక్కున ఆగితే రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. 1831లో ఫారడే కనిపెట్టిన ప్రేరణే ఇది. అలా పుట్టిన 15,000 నుంచి 25,000 వోల్టులు హైటెన్షన్ వైరు గుండా ప్లగ్గుకి వచ్చి, దాని కొసన ఉన్న ఒక మిల్లీమీటరు లోపు గ్యాప్‌ని దూకాలి. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌కి రెండు చుట్లకో నిప్పు కావాలి కాబట్టి, అది నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే, ఆ నిప్పు సెకనుకు 50 సార్లు పడాలి.

మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు దూకడానికి సుమారు 3,000 వోల్టులు చాలు. ఇంజన్‌లో మాత్రం చాలవు. 1889లో జర్మన్ శాస్త్రవేత్త పాషెన్, నిప్పు దూకడానికి కావలసిన వోల్టేజీ గ్యాప్ ఒక్కదాన్ని బట్టి కాక, గ్యాప్‌ని వాయువు పీడనంతో గుణిస్తే వచ్చే విలువను బట్టి ఉంటుందని చూపించాడు. ఎలక్ట్రాన్ వేగం పుంజుకుని ఎదురైన అణువును ఢీకొట్టి పగలగొడితేనే నిప్పు పుడుతుంది. వేగం పుంజుకోవాలంటే ఉరకడానికి చోటు కావాలి. పండగ ముందురోజు పూర్ణా మార్కెట్ సందులో ఎవరైనా పరిగెత్తగలరా? వాయువు కిక్కిరిసిన చోట ఎలక్ట్రాన్‌ది అదే అవస్థ.

బీచ్‌రోడ్డు మీద తాపీగా వెళ్లేటప్పుడు యాక్సిలరేటర్ కొంచెమే తెరుచుకుంటుంది, సిలిండర్‌లోకి కొద్ది పెట్రోల్-గాలి మిశ్రమమే వస్తుంది, తక్కువ వోల్టేజీకే నిప్పు పడుతుంది. కొండెక్కేటప్పుడు పూర్తిగా తిప్పుతాం. సిలిండర్ నిండుగా నిండి, ఆ నిండుదనమంతా పిస్టన్ ఒత్తిడికి నలిగి చిక్కబడుతుంది. కావలసిన వోల్టేజీ అమాంతం పెరుగుతుంది. అప్పుడు కరెంటు ప్లగ్గు గ్యాప్ దూకడం కన్నా, వైరు తొడుగులో ఉన్న పగులులోంచి ఛాసిస్‌కి దూకడమే సుళువనుకుంటుంది. లోపల నిప్పు ఉండదు. దీపం ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలి అని మా ఇంట్లో నేర్పారు. మా బండి దీపం అక్షరాలా కొండ మీదే కొండెక్కింది.

ఇందులో మన విశాఖ గాలి పాత్రా ఉంది. ఉప్పు పొడిగా ఉంటే కరెంటు పారదు. కానీ గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 33 శాతం తేమే చాలు. అంటే సముద్రం ఒడ్డున తిరిగే బండి వైరు మీద పేరుకున్న ఉప్పుపొర దాదాపు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద గాజుల్లా గట్లు ఉంటాయి చూడండి, అవి అందానికి కాదు. కరెంటు పైపైన పాకి పోకుండా దారిని పొడుగు చేయడానికి పెట్టినవి. కరెంటు స్తంభాల మీది పింగాణీ గిన్నెలకీ అదే పని. పాత గుడ్డతో పింగాణీని, వైరుని నెలకోసారి తుడిస్తే చాలు, ఆ పొర పోతుంది.

అయితే వైరు ఒక్కటే మారిస్తే నా పని అయిపోయేది కాదు. మెకానిక్ ప్లగ్గు విప్పి గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ దూర్చి చూపించాడు. 0.8 నుంచి 0.9 మిల్లీమీటర్లు ఉండాల్సిన గ్యాప్ 1.3 అయింది. నిప్పు పడిన ప్రతిసారీ ఎలక్ట్రోడ్ నుంచి రవ్వంత లోహం పోతుంది. గ్యాప్ పెరిగేకొద్దీ కాయిల్ ఇంకా ఎక్కువ వోల్టేజీ తోయాలి, ఆ ఒత్తిడంతా వైరు తొడుగు మీద పడుతుంది. వందో రెండు వందలో ఖర్చయ్యే ప్లగ్గు వేళకి మార్చకపోవడం వల్లే నా వైరు చిల్లుపడింది. ఈ రెండింటినీ విడివిడిగా చూడకండని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ప్లగ్గు కొనేటప్పుడు మాన్యువల్‌లో రాసిన నంబరే అడగండి. నాది ఎన్‌జీకే వాళ్ల సీపీఆర్8ఈఏ-9. ముందున్న 'సీ' మర సైజు 10 మిల్లీమీటర్లని, 'ఆర్' లోపల రెసిస్టర్ ఉందని, 'ఈ' మర పొడవు 19 మిల్లీమీటర్లని, చివరి 9 గ్యాప్ 0.9 అని చెబుతాయి. మర పొడవు ఎక్కువైతే పిస్టన్‌కి తగలొచ్చు. మధ్యలో ఉన్న 8 వేడికి సంబంధించింది. ప్లగ్గు కొస 450 డిగ్రీల పైన ఉంటేనే మసి తనంతట కాలిపోతుంది. 850 దాటితే నిప్పు పడకముందే పెట్రోల్ అంటుకుంటుంది. ఈ మధ్యలో నిలబెట్టేదే ఆ అంకె. ఎన్‌జీకే, డెన్సోల్లో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని త్వరగా వదిలేది; బాష్‌లో వేడిది. అంకె చూసి కంపెనీ మార్చేస్తే ఇంజన్‌కి చేటు.

ఇరిడియం ప్లగ్గుల గురించి నా విద్యార్థులు చాలామంది అడుగుతారు. ఇరిడియం 2,446 డిగ్రీల దాకా కరగదు కాబట్టి కొసను అర మిల్లీమీటరంత సన్నగా చెక్కొచ్చు. సన్నని మొన దగ్గర విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటుంది, తక్కువ వోల్టేజీకే నిప్పు దూకుతుంది. మంచిదే. కానీ మామూలు ప్లగ్గు వేసుకోమన్న చిన్న బండికి, దాన్ని వేళకి మార్చడమే నా లెక్కలో మేలు. మాన్యువల్ ఇరిడియం వేయమంటే మాత్రం అదే వేయండి, దాన్ని వైరు బ్రష్‌తో రుద్దకండి.

విప్పిన ప్లగ్గు కొస లేత గోధుమ రంగులో ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి పడితే పెట్రోల్ ఎక్కువవుతోంది, జిడ్డు తడి ఉంటే ఆయిల్ పైకొస్తోంది, సున్నం వేసినట్టు తెల్లబడితే ఇంజన్ వేడెక్కిపోతోంది.

మార్చేటప్పుడు ఇంజన్ చల్లారాలి. ప్లగ్గు గుంటలో దుమ్ము ముందే ఊదేయాలి, లేకపోతే సిలిండర్‌లో పడుతుంది. సిలిండర్ హెడ్ అల్యూమినియం, మెత్తనిది. అందుకే మొదటి మరలు చేత్తోనే తిప్పాలి. వాషర్ ఆనాక, కొత్త ప్లగ్గయితే పానాతో ఇంకో అర చుట్టు చాలు. కారులో వైర్లన్నీ ఒకేసారి పీకకండి, ఒకటి తీసి ఒకటి పెట్టండి, వరస తప్పదు. కొత్త కార్లలో చాలావాటికి ఈ వైర్లే లేవు, కాయిల్ నేరుగా ప్లగ్గు మీదే కూర్చుంటుంది. అక్కడ రబ్బరు తొడుగు పగిలిందేమో చూడాలి.

నా పాత వైరు ముక్క ఇప్పుడు మా ల్యాబ్‌లో ఉంది. లెన్స్ పెడితే సూదిమొనంత చిల్లు, చుట్టూ బూడిద రంగు మచ్చ కనిపిస్తాయి. ప్లగ్గు, వైరు మార్చిన ఆదివారమే మళ్లీ కొండెక్కాం. మూడో మలుపు దాటాక అమ్మ నా భుజం తట్టి, "ఇవాళ దగ్గడం లేదేటిరా బండి?" అంది.