ఇంజిను లేని రైలు

మర్రిపాలెం,
విశాఖపట్నం.

చిన్నికి, బబ్లూకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం కైలాసగిరి మీద టాయ్ ట్రైన్‌లో తిరుగుతుంటే చిన్ని ఒక ప్రశ్న వేసింది. "రోలర్ కోస్టర్‌కి ఇంజిను ఉండదన్నావు కదా తాతయ్యా, మరి ఎలా నడుస్తుంది?" నేను నోరు తెరిచేలోగా బబ్లూ ఇంకోటి వేశాడు. "తలకిందులైతే పడిపోరా?" సరే, చెబుదామని గొంతు సవరించుకున్నాను. ఇంతలో ముంత మసాలా బండి కనబడింది. నన్నూ నా జవాబునీ అక్కడే వదిలేసి ఇద్దరూ పరిగెత్తారు. అందుకే ఈ ఉత్తరం. గాజువాకకీ మర్రిపాలేనికీ మధ్య ఉత్తరమేమిటని మీ అమ్మ నవ్వుతుంది. నవ్వనీ. నోటితో చెబితే మీరు వినరు. కాగితం మీద ఉంటే ఎప్పుడో ఒకప్పుడు చదువుతారు.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 2015లో రిటైరయ్యేదాకా నేను కేకే లైన్‌లో బండి నడిపాను. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే లైను. అరకు వెళ్ళేటప్పుడు అద్దాల బోగీలో కూర్చుని మీరు సొరంగాలు లెక్కపెట్టి, సగంలో లెక్క తప్పి పోట్లాడుకున్న దారి అదే. కొండ ఎక్కడం కష్టమని మీరు అనుకుంటారు. మాకు దిగడమే కష్టం. బైలదిల్లా గనుల్లో ఇనుప ఖనిజం నింపుకుని పోర్టుకి వచ్చే బండి శిమిలిగుడ దగ్గర సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి బొర్రా, చిమిడిపల్లి, త్యాడ మీదుగా బొడ్డవర దాకా దిగాలి. వేల టన్నుల బరువు వెనక నుంచి తోసుకొస్తుంటుంది. అప్పుడు ఇంజిను పని లాగడం కాదు, పట్టుకోవడం. మోటార్లనే బ్రేకుల్లా వాడతాం. వానలో పట్టాలు తడిస్తే చక్రాల కింద ఇసుక వదులుతాం. బ్రేకులు కాలిన వాసన వస్తే ముక్కుతోనే తెలిసిపోతుంది, మీటరు చూడక్కర్లేదు. ఇంటికొచ్చాక కూడా ఆ వాసన చొక్కాకి ఉండేది. మీ మామ్మ ఆ చొక్కాలు విడిగా నానబెట్టేది.

అలా జీవితమంతా బండి జారిపోకుండా పట్టుకున్న మనిషిని మీ కార్తీక్ బావ తీసుకెళ్ళి, జారిపోవడమే పనిగా పెట్టుకున్న బండి ఎక్కించాడు.

అది 2019 జూన్. మీ మామయ్య వాళ్ళుండేది అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో కదా. అక్కడ శాండస్కీ అనే ఊళ్ళో సీడార్ పాయింట్ అని ఒక పార్కు. ఈరీ సరస్సులోకి వేలు చాపినట్టున్న సన్నటి నేల మీద, 1870 నుంచి ఉంది. కారు దిగగానే నీళ్ళు చూసి మన బీచ్ రోడ్డే అనుకున్నాను. అవతలి ఒడ్డు కనబడదు, అలలు కూడా వస్తాయి. కానీ ఉప్పు వాసన లేదు, చేపల వాసన లేదు. వాసన లేని సముద్రం. మీ మామ్మకైతే అది అసలు నచ్చలేదు.

బావకి అప్పుడు పదిహేనేళ్ళు. కోస్టర్ పిచ్చి. వాడి దగ్గరో చిన్న నోటుబుక్కు ఉండేది. ఎక్కిన ప్రతి కొత్త కోస్టర్ పేరూ, తేదీ, ఏ వరసలో కూర్చున్నాడో అందులో రాసుకునేవాడు. ఒక్కో కోస్టర్‌ని ఒక క్రెడిట్ అంటారట. ఒకదాన్నే పదిసార్లు ఎక్కినా క్రెడిట్ ఒకటే. ముందు నవ్వాను. తర్వాత గుర్తొచ్చింది, డీజిల్ అసిస్టెంటుగా చేరిన కొత్తలో నేనూ ఎక్కిన ప్రతి ఇంజిను నంబరూ డైరీలో రాసుకునేవాణ్ణి. ఆ డైరీ ఇప్పటికీ బీరువాలో ఉంది.

గేటు తీయగానే బావ నన్ను దాదాపు లాక్కుంటూ మిలీనియం ఫోర్స్ దగ్గరికి తీసుకెళ్ళాడు. 310 అడుగుల ఎత్తు. అంటే ముప్పై అంతస్తుల మేడ. 2000లో కట్టిన కొత్తలో, గుండ్రంగా తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చే కోస్టర్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది ఇదే. లోపలికి వెళ్ళే దారిలో ఒక బోర్డు ఉంది. గుండె జబ్బు, బీపీ, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఎక్కకూడదని. మామ్మకి బీపీ కాబట్టి అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది. నేను విశాఖలోనే డాక్టరుగారికి చూపించుకుని, సరే అనిపించుకునే వెళ్ళాను. మీరు పెద్దయ్యాక కూడా ఆ బోర్డు చదవకుండా ఎక్కకండి.

క్యూలో గంటన్నర. ఎండ. ముందు పిల్లలు, వెనక పిల్లలు, మధ్యలో నేనొక్కణ్ణే ముసలాణ్ణి. కళ్ళజోడు ఊడిపోకుండా మామ్మ ఇచ్చిన తాడు వెనక ముడేసుకున్నాను. కాలక్షేపానికి బావ ఒక కథ చెప్పాడు. నాకు ఆ రోజంతా గుర్తుండిపోయింది అదే.

అమెరికాలో పెన్సిల్వేనియా అనే చోట, మాక్ చంక్ అని ఒక ఊరు. కొండ మీద బొగ్గు గని, కింద కాలువ. 1827లో పైనుంచి కిందకి పట్టాలు వేశారు. బొగ్గు నింపిన బండ్లు ఇంజిను లేకుండా తమ బరువుకి తామే జారి వచ్చేవి. ఖాళీ బండ్లని పైకి లాగడానికి కంచరగాడిదలు. (కంచరపాలెంలో మీ స్నేహితులెవరైనా ఉంటే చెప్పండి, ఆ కంచర వేరు, ఈ కంచర వేరు.) మరి ఆ గాడిదలు మళ్ళీ కిందకి రావాలి కదా? వాటికీ ఒక బండి కట్టారు. బొగ్గు బండ్ల వెనకే దర్జాగా కూర్చుని దిగేవట. గాడిదల సుఖం చూసి మనుషులకి ఆశ పుట్టినట్టుంది. తర్వాత బొగ్గుకి వేరే దారి వచ్చాక ఆ పట్టాల మీద టికెట్ పెట్టి జనాన్ని తిప్పడం మొదలుపెట్టారు. 1884లో న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్‌లో థాంప్సన్ అనే ఆయన అచ్చంగా సరదా కోసమే ఒక జారుడు రైలు కట్టాడు. టికెట్ 5 సెంట్లు. వేగం గంటకి ఆరు మైళ్ళు, అంటే మన రిక్షా అంత. చూశారా, అమెరికాలో రోలర్ కోస్టర్ ఆటబొమ్మగా పుట్టలేదు, ఖనిజం మోసే రైలుగా పుట్టింది. అంటే నా బండికి దూరపు చుట్టమే.

ఇక చిన్ని ప్రశ్న. సింహాచలం కొండ మీద నుంచి బస్సు దిగేటప్పుడు చూశావా, డ్రైవరు యాక్సిలరేటర్ మీద కాలు పెట్టడు, బ్రేకు మీదే పెడతాడు. కొండ ఎక్కినప్పుడు కాల్చిన డీజిలే దిగేటప్పుడు వేగంగా తిరిగి వస్తుంది. కోస్టర్‌నీ ఒక్కసారి పైకి లాగుతారు, అంతే. చాలావాటిని గొలుసుతో లాగుతారు, దీన్ని మాత్రం లిఫ్టుకి ఉండేలాంటి ఇనుప తాడుతో లాగుతారు. శిఖరం దాటాక తాడు వదిలేస్తుంది. అక్కడి నుంచి బండి తన దారి తనది. దారిలో గాలీ రాపిడీ కొంచెం కొంచెం తినేస్తుంటాయి కాబట్టి తర్వాతి కొండలన్నీ మొదటిదానికంటే పొట్టిగా ఉంటాయి.

బావ లెక్క కూడా వేసి చూపించాడు. మొదటి దిగుడు 300 అడుగులు, అంటే 91 మీటర్లు. అంత ఎత్తు నుంచి ఏ అడ్డూ లేకుండా పడితే గంటకి 152 కిలోమీటర్ల వేగం రావాలి. మిలీనియం ఫోర్స్ అసలు వేగం దాదాపు 150. పోయింది రెండే రెండు కిలోమీటర్లు! నమ్మలేక లెక్క మళ్ళీ నేనే వేశాను. మన విశాఖ నుంచి సికింద్రాబాద్ వెళ్ళే వందే భారత్ కూడా దారిలో ఎక్కడా అంత వేగం అందుకోదు.

సీట్లో కూర్చోగానే బెల్టు పెట్టుకున్నాం, ఒడి మీదకి బారు లాక్కున్నాం. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఒకతె వచ్చి ఒక్కొక్కరి బెల్టూ గుంజి, బారు కిందకి నొక్కి చూసి ముందుకెళ్ళింది. ముప్పై ఆరు మందివీ చూసింది. ఒక్కరిది కూడా చూపుతో సరిపెట్టలేదు, చేత్తో ముట్టుకునే చూసింది. స్టేషన్లో బండి ఆగినప్పుడు చక్రాల పెట్టెలు ముట్టుకుంటూ వెళ్ళే మా క్యారేజ్ వాళ్ళు గుర్తొచ్చారు. అప్పుడు నా టెన్షన్ సగం తగ్గింది.

మిగతా సగం పైకి వెళ్ళాక వచ్చింది. ఎడం పక్కన సరస్సు, కింద చీమల్లా జనం. ముందు వరస వంగింది, పట్టాలు మాయమయ్యాయి. 80 డిగ్రీల వాలు. దాదాపు గోడే. పడుతున్నాం అనుకునేలోగా నా చెయ్యి దానంతటదే బ్రేకు హ్యాండిల్ కోసం గాల్లో వెతికింది. ముప్పై ఏళ్ళ పైన అలవాటు. హ్యాండిల్ ఎక్కడుంటుంది? బారు దొరికింది, దాన్నే పట్టుకుని "ఓరి బాబో" అన్నాను. తర్వాత బావ చెప్పాడు, అరిచింది నేనొక్కణ్ణే కాదట, కాకపోతే తెలుగులో అరిచింది నేనొక్కణ్ణే.

కిందకి వచ్చి మళ్ళీ ఎక్కేటప్పుడు, కొండ నెత్తి మీద, సీట్లోంచి పైకి లేచిపోయాను. దాన్ని ఎయిర్‌టైమ్ అంటారు. బబ్లూ, స్పీడ్ బ్రేకర్ మీద ఆటో వెనక సీట్లో నువ్వు ఎగిరి తల కొట్టుకున్నావు చూడు, అదే. ఆటో కిందకి దిగిపోతుంది, నీ ఒళ్ళు మాత్రం పాత దారినే పైకి పోదామనుకుంటుంది. కోస్టర్‌లో నిన్ను బారు ఆపుతుంది. మరి బండినెవరు ఆపుతారు? మా రైలు చక్రానికి లోపలి అంచున ఒక గట్టు ఉంటుంది, అంతే. బరువుకి అది పట్టాల మీద కూర్చుంటుంది. కోస్టర్‌కి అలా కుదరదు. దానికి మూడు రకాల చక్రాలు. పట్టా మీద నడిచేవి, పక్క నుంచి ఒత్తేవి, పట్టా కింద నుంచి పట్టుకునేవి. ఆ మూడోరకానికి 1919లో జాన్ మిల్లర్ అనే ఇంజినీరు పేటెంట్ తీసుకున్నాడు. ఆ కింది చక్రం వచ్చాకే కోస్టర్లకి రెక్కలొచ్చాయి.

తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్ బయట మా బండి ఆగింది. ముందు బండి ఇంకా ప్లాట్‌ఫామ్ ఖాళీ చేయలేదు. చూస్తే నాకు నవ్వొచ్చింది. బ్లాక్ సెక్షన్! ఒక సెక్షన్‌లో ఒక్క బండే ఉండాలి, అది ఖాళీ అయితేగానీ ఇంకోటి రాకూడదు. శృంగవరపుకోటలో మేము సిగ్నల్ కోసం నిలబడింది కూడా ఇందుకే. లోపల మూడు బండ్లు తిరుగుతున్నాయి, వాటి మధ్య అదే రూలు.

బ్రేకులు మాత్రం మావి కావు. అయస్కాంతాలు. వాటి పక్క నుంచి లోహపు రెక్క వేగంగా వెళ్తే దానంతటదే వెనక్కి లాగుతుంది. ఒకదానికొకటి తగలవు, అరగవు, కరెంటు పోయినా పనిచేస్తాయి. వాసన కూడా రాదు. కొంచెం అసూయపడ్డాను.

మధ్యాహ్నం బయట కారు దగ్గరే పులిహోర తిన్నాం, లోపలికి బయటి తిండి రానివ్వరు. తర్వాత టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ అనే ఇంకో కోస్టర్ దగ్గర నిలబడ్డాం. 420 అడుగులు. అది నాకు వద్దన్నాను. అప్పట్లో దాన్ని మెల్లగా లాగేవారు కాదు, నాలుగు సెకన్లలోపే గంటకి 190 కిలోమీటర్ల పైన వేగంతో విసిరేవారు. ఎదురుగాలి ఉంటే ఒక్కోసారి శిఖరం దాటలేక వెనక్కి జారి వచ్చేసేది. దాన్ని పట్టుకోవడానికి కింద అయస్కాంతపు బ్రేకులు లేచి సిద్ధంగా ఉండేవి. బావ ఏమనుకుంటున్నాడో తెలుసా? "ఇవాళ వెనక్కి వస్తే బాగుండు తాతయ్యా! అది అదృష్టం ఉంటేనే దొరుకుతుంది" అన్నాడు. కొండ మీద బండి వెనక్కి జారడం నాకు పీడకల. రిటైరయ్యాక కూడా రెండుమూడు సార్లు వచ్చి లేచి కూర్చున్నాను. వీడు దాని కోసం దండం పెట్టుకుంటున్నాడు. ఆ రోజు మాత్రం రాలేదు. వాడు దిగులుగా, నేను హాయిగా అక్కడి నుంచి కదిలాం.

బబ్లూ ప్రశ్నకి జవాబు స్టీల్ వెంజెన్స్ అనే మరో కోస్టర్‌లో ఉంది. అది ఎక్కింది బావ, మామయ్య. నేను కింద నిలబడి చూశాను. నాలుగుసార్లు తలకిందులు చేస్తుంది. ఇంట్లో ఒక పని చెయ్యి. మేడ మీదకెళ్ళి (హాల్లో వద్దు), చెంబులో సగం నీళ్ళు పోసి, చెయ్యి చాపి గుండ్రంగా జోరుగా తిప్పు. చుక్క పడదు. నీళ్ళు తిన్నగా పోదామనుకుంటాయి, చెంబు అడుగు వాటిని లోపలికి తోస్తూ ఉంటుంది, అందుకే అడుగుకి అతుక్కుని ఉంటాయి. మెల్లగా తిప్పితే మాత్రం నీ నెత్తి మీదే. కొన్ని కోస్టర్లు కావాలనే మెల్లగా తిప్పుతాయి, అక్కడ నిన్ను పట్టుకునేది ఒడిలోని బారే. 1895లో కోనీ ఐలాండ్‌లోనే అచ్చు వలయంలాంటి లూప్ కట్టారు. ఎక్కినవాళ్ళకి మెడలు పట్టేశాయి. ఇప్పటి లూపులు వలయాలు కావు, నీటి చుక్క ఆకారం, పైన ఇరుకు, కింద వెడల్పు. ఈసారి ఫోటో చూస్తే గమనించు.

సాయంత్రం మామ్మ "నా టికెట్ డబ్బులు దండగ" అంది. పార్కులో నిజమైన రైలు ఒకటుంది, 1963 నుంచి నడుస్తోంది. చిన్న గేజి, బొగ్గుతో నడిచే ఆవిరి ఇంజిను. ఇద్దరం ఎక్కాం. బొగ్గు పొగ ముక్కుకి తగలగానే మామ్మ నా వైపు చూసి, "మీ చొక్కా వాసన" అంది. అది బ్రేకు వాసన, ఇది బొగ్గు వాసన, రెండూ వేరని చెప్పబోయి ఊరుకున్నాను.

దిగాక ఇంజిను దగ్గరికి వెళ్ళి, నేనూ డ్రైవర్నే అని నా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన చేతి తొడుగు తీసి మరీ చెయ్యి కలిపాడు. తర్వాత కూత వేశాడు, రెండుసార్లు.

బావ నోటుబుక్కులో ఆ రోజుకి తొమ్మిది కొత్త పేర్లు. నాకు రెండు. రెండోది జెమిని, 1978లో కట్టినది. కొండ ఎక్కేటప్పుడు టకటకమని చప్పుడు చేసేది. ఆ చప్పుడు గొలుసుది కాదు, బండి వెనక్కి జారకుండా పంటి మీద పంటి చొప్పున పడే కొక్కెంది. అది వింటూ ఎక్కడం నాకు మిలీనియం ఫోర్స్ కంటే బాగుంది. బావకి ఈ మాట చెప్పకండి.

మిలీనియం ఫోర్స్ ఎక్కాలంటే 48 అంగుళాల ఎత్తుండాలి. ఆదివారం వచ్చేటప్పుడు అమ్మ కుట్టుమిషను దగ్గర టేపు పట్టుకురండి. మా ఇంటి తలుపు మీద గీత గీద్దాం. చెప్పులు విప్పాలి బబ్లూ, మడమలు ఎత్తకూడదు. చిన్నీ, నీ పిలక లెక్కలోకి రాదు.

మీ
తాతయ్య